వెనుదిరగడాన్ని చైనీస్‌లో ఎలా చెప్పాలి: సేనల ఉపసంహరణ నుంచి సిపాయి కొలువు విరమణ దాకా

చైనీస్ వార్తలను తెలుగు చేసే పనిలో నన్ను ఎక్కువగా తికమక పెట్టినవి యుద్ధానికి వెళ్లే మాటలు కావు, యుద్ధం నుంచి తిరిగి వచ్చే మాటలు. నిఘంటువు తెరిస్తే వాటిలో చాలా భాగం ‘వెనుదిరుగు’, ‘ఉపసంహరించు’ అన్న రెండు అర్థాల కిందే కనిపిస్తాయి. కానీ ఆజ్ఞ ప్రకారం వరుస చెదరకుండా వెనక్కి వచ్చిన సేనకు ఒక మాట, ఆయుధాలు పారేసి పరుగెత్తిన సేనకు మరో మాట, కొలువు ముగించుకుని పెట్టె సర్దుకున్న సిపాయికి ఇంకో మాట ఉన్నాయి. ఒకదాని చోట మరొకటి వేస్తే గౌరవం కాస్తా అవమానం అవుతుంది. ఈ పదజాలాన్ని జాబితాగా బట్టీ పట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. వెనుదిరిగింది ఎవరు, ఎవరి ఆజ్ఞ మీద, ఏ స్థితిలో అన్న మూడు ప్రశ్నలు వేసుకుని పదాలను వాటి ప్రకారం పేర్చుకుంటే త్వరగా పట్టుబడతాయి.

ముందుగా: ఉచ్చారణను తెలుగులో రాసుకోవడం

చైనీస్‌ హల్లుల్లో అసలు తేడా మన పరుషానికీ సరళానికీ మధ్య ఉండే తేడా కాదు, అల్పప్రాణానికీ మహాప్రాణానికీ మధ్య ఉండే తేడా. చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పిన్యిన్ పద్ధతిలో ‘డి’ అని రాసేది మన ‘త’కు దగ్గర, ‘టి’ అని రాసేది మన ‘థ’కు దగ్గర. అలాగే క-ఖ, చ-ఛ జంటలు. మనం అచ్చులో మాత్రమే చూసి నోట పలకని శ, ష, స తేడా కూడా ఇక్కడ నిక్కచ్చిగా అక్కరకొస్తుంది. ఒక్క ‘ఫ’ మాత్రం రెండు పనులు చేయవలసి వస్తుంది. అది ఎక్కడ ఒత్తు ప, ఎక్కడ పెదవి-పంటి ధ్వని అన్నది వినికిడి మీదే తెలుసుకోవాలి.

ప్రతి అక్షరం పక్కన స్వరం అంకె వేసుకోండి. 1 అంటే ఎత్తున నిలకడగా, 2 అంటే పైకి లేస్తూ, 3 అంటే కిందికి దిగి ఆగుతూ, 4 అంటే పైనుంచి ఒక్కసారిగా పడుతూ పలకడం. ఇక్కడ మాటలను ఈ పద్ధతిలోనే రాశాను. బీజింగ్, మావో వంటి పేర్లను మాత్రం పత్రికల్లో అలవాటైన రూపంలోనే ఉంచాను. ఫోన్ కీబోర్డులో పిన్యిన్ ఎంచుకుని టి, యు, ఐ అక్షరాలు నొక్కితే మొదట వచ్చే సూచనల్లోనే మనకు కావలసిన మూలాక్షరం ఉంటుంది.

మొదటి అడుగు: రెండు మూలాక్షరాలను చేతితో రాయడం

మొదటిది థుయ్4. తొమ్మిది గీతల అక్షరం. ఎడమ నుంచి అడుగు దాకా పడవలా సాగే భాగం నడకకు గుర్తు. అంటే ఈ అక్షరంలో కదులుతున్నది కాలు. వెనక్కి నడవడం దీని మొదటి అర్థం. జ్వరం తగ్గడానికీ, సముద్రపు పోటు వెనక్కి తీయడానికీ, కొన్న చీర నచ్చక దుకాణంలో తిరిగి ఇచ్చేయడానికీ, టికెట్టు రద్దు చేసుకోవడానికీ ఇదే అక్షరం.

రెండోది ఛ4. పదిహేను గీతలు, ఎడమ పక్క చేతి గుర్తు. ఇది కాలు కాదు, చెయ్యి. పెట్టిన దాన్ని తీసేయడం, పరిచిన దాన్ని ఎత్తేయడం అన్నమాట. ఉద్యోగిని పదవి నుంచి తొలగించడానికీ ఇదే, తిన్నాక పళ్లేలు ఎత్తేయడానికీ ఇదే. చైనాలో అందరూ వాడే సందేశాల యాప్ వీచాట్‌లో పంపిన సందేశాన్ని రెండు నిమిషాలలోపు వెనక్కి తీసుకునే మీట మీద ఉండేది ఛ4 హుయ్2. చైనా స్నేహితులతో మాట్లాడేవారికి సైన్యం సంగతి తెలియకపోయినా ఈ అక్షరం రోజూ కనబడుతూనే ఉంటుంది.

ఈ కాలు-చెయ్యి తేడా మనసులో నిలిస్తే సగం పని అయినట్టే. థుయ్4 అన్నప్పుడు వెనక్కి వస్తున్నవాడు కనిపిస్తాడు. ఛ4 అన్నప్పుడు వెనక్కి రప్పిస్తున్న నిర్ణయం కనిపిస్తుంది. అందుకే ఒక ప్రభుత్వం పరాయి గడ్డ మీది తన బలగాలను తీసేసుకుంటే వార్తల్లో ఛ4 చ్యున్1 అంటారు. చ్యున్1 అంటే సైన్యం. 2021 ఆగస్టులో అమెరికా బలగాలు అఫ్గానిస్థాన్‌ను పూర్తిగా విడిచినప్పుడు వాడిన మాట ఇదే. రెండు మూలాలూ కలిసిన ఛ4 థుయ్4 పథకం ప్రకారం వెనక్కి రావడం. 1940లో డంకర్క్ తీరం నుంచి మిత్రసేనలను ఓడల్లో తప్పించిన ఘటనకు చైనీస్ పేరులో ఉన్నది ఈ జంటే. యుద్ధమో విపత్తో వచ్చినప్పుడు విదేశంలోని తమ పౌరులను ఇంటికి చేర్చడం ఛ4 ఛ్యావ్2. దీన్ని సైనిక పదమనుకుని ‘ప్రవాసుల ఉపసంహరణ’ అని రాస్తే వింతగా ఉంటుంది, ‘తరలింపు’ అనాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పింగ్1 అంటే సైనికుడు, సేన. థుయ్4 పింగ్1 అన్నప్పుడు మన సేనను మనం వెనక్కి తీసుకున్నామా, ఎదుటి సేన వెనక్కి పోయేలా చేశామా? రెండూ కావచ్చు, సందర్భమే తేల్చాలి. థుయ్4 తీ2 అంటే మాత్రం శత్రువుకు భయపడి వెనక్కి తగ్గడం కాదు, శత్రువును వెనక్కి తగ్గించడం. దీన్ని తలకిందులుగా అనువదించి గెలిచిన సేనానిని ఓడించిన పాపం నేనూ ఒకసారి మూటగట్టుకున్నాను.

వాక్యనిర్మాణం గురించి ఒక్క మాట. ఛ4 చ్యున్1 అన్నది లోపల క్రియా కర్మా రెండూ కలిసి ఉన్న మాట. కాబట్టి ఏ దేశం నుంచి అన్నది దాని తరువాత తగిలించకుండా ముందే చెప్పాలి: త్స్హుంగ్2 (నుంచి), ఆపైన దేశం పేరు, చివర ఛ4 చ్యున్1. పత్రికల శీర్షికలు ఈ నియమాన్ని దాటేస్తుంటాయి. శీర్షికలు చూసి వాక్యం నేర్చుకోవద్దు.

రెండో అడుగు: వెన్ను చూపిన మాటలను వేరు చేయడం

వరుస చెదిరి పారిపోయిన సేనకు వాడే మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాయ్4 పెయ్3. ఓడిపోవడం అని అర్థం. ఇందులోని పెయ్3 బీజింగ్ పేరులోని మొదటి అక్షరమే. ‘ఉత్తర రాజధాని’లోని ఉత్తరం. ఓటమికీ ఉత్తరానికీ ఏమిటి సంబంధం? సేనలన్నీ ఉత్తరానికే పారిపోయాయా?

అక్షరం పాత రూపం చూస్తే జవాబు దొరుకుతుంది. ఎముకల మీద చెక్కిన కాలంలో ఇది వీపు వీపు ఆనించి నిలబడిన ఇద్దరు మనుషుల బొమ్మ. మొదటి అర్థం దిక్కు కాదు, వీపు. ఇల్లు దక్షిణానికి ముఖం పెట్టి కట్టుకునే చోట వీపు వైపుది ఉత్తరమవుతుంది కాబట్టి అక్షరం దిక్కుకు స్థిరపడిందని చెబుతారు. తరువాత అసలు వీపు కోసం దాని కిందే మాంసపు గుర్తు చేర్చి పెయ్4 అనే వేరే అక్షరం కట్టుకున్నారు. కాబట్టి పాయ్4 పెయ్3 అంటే అక్షరాలా ‘ఓడి వెన్ను చూపడం’. మన తెలుగులో రణంలో ‘వెన్ను చూపడం’, ‘వెన్నిచ్చి పారడం’ అన్నదానికి ఇంత దగ్గరగా ఇంకో భాషలో మాట దొరకడం అరుదు. సున్‌జీ యుద్ధశాస్త్రంలో యాంగ్2 పెయ్3 వు4 త్స్హుంగ్2 అనే హెచ్చరిక ఉంది: వెన్ను చూపినట్టు నటించేవాడి వెంట పడవద్దు. దీన్ని దిక్కుగా చదివితే అర్థం సున్న.

చెదిరిపోవడానికి మరో మాట ఖుయ్4 థుయ్4. ఖుయ్4 అక్షరం పక్కన నీటి గుర్తు ఉంటుంది. ఈ అక్షరానికి గట్టు తెగడం అని అర్థం. చెరువు కట్టకు ఎక్కడో ఒకచోట చిన్న గండి పడితే ఏమవుతుందో ఊళ్లలో చూసినవారికి ఈ పదం విడమరచి చెప్పనక్కరలేదు. క్రీస్తుశకం 383లో ఫేయ్ నది దగ్గర జరిగింది సరిగ్గా అదే. ఉత్తరాది పాలకుడు ఫూ చ్యెన్ తన పెద్ద సేనను నది ఒడ్డు నుంచి కొంచెం వెనక్కి జరిపి, ఎదుటివారు నది దాటుతుండగా సగంలో కొడదామనుకున్నాడు. అది ఆజ్ఞ మీద జరిగే వెనుకంజ, అంటే థుయ్4 ఛ్యువె4. కానీ వెనక వరుసల్లో ఎవరో ‘ఓడిపోయాం’ అని కేకవేయడంతో కాలు నిలవలేదు. జరగడం పరుగైంది, పరుగు గండి అయింది. పారిపోతున్నవారికి గాలి వీచినా కొంగ అరిచినా తరుముకొస్తున్న శత్రువే అనిపించిందట. ఫంగ్1 షంగ్1 హ4 లీ4, ‘గాలి చప్పుడు, కొంగ కూత’ అన్న జాతీయం అక్కడి నుంచే వచ్చింది. ఆజ్ఞ మీది వెనుకంజ ఎక్కడ ముగిసి గండి ఎక్కడ మొదలైందో ఈ ఒక్క కథలో పట్టుకుంటే రెండు పదాల తేడా మరి మరచిపోరు.

ఒంటరిగా పారిపోయిన సిపాయి థావ్2 పింగ్1. యుద్ధభూమి అంచుదాకా వచ్చి జారుకోవడం లిన్2 చన్4 థ్వో1 థావ్2. మన ఉత్తర కుమారుడి రథం వెనక్కి తిరిగిన ఘట్టం దీనికి చక్కని ఉదాహరణ. అంతఃపుర ప్రగల్భాలు కూడా ఉంటే ఉపమానం నిండుగా కుదురుతుంది, కానీ చైనీస్ జాతీయంలో ప్రగల్భాల వాసన లేదు, పిరికితనం ఒక్కటే ఉంది.

మూడో అడుగు: పేరు మార్చుకున్న వెనుకంజలను గుర్తుపట్టడం

అధికారిక ప్రకటనలు చదివేవారికి ఈ అడుగు తప్పనిసరి. 1934 అక్టోబరులో చ్యాంగ్‌శీ స్థావరాన్ని విడిచిన కమ్యూనిస్టుల ఎర్రసేన ప్రయాణం రెండేళ్లు సాగి, ఇరవై అయిదు వేల ‘లీ’ల నడకగా పేరు మోసింది (‘లీ’ అంటే చైనా దూరపు కొలత, సుమారు అర కిలోమీటరు). చైనా పాఠ్యపుస్తకాలు దాన్ని వ్యూహాత్మక చ్వాన్3 యీ2 అంటాయి. చ్వాన్3 యీ2 అంటే చోటు మార్చడం. ఇక ఆ యాత్ర పేరు ఛాంగ్2 చంగ్1. అందులోని చంగ్1 దండయాత్రకు వాడే అక్షరం. మన దగ్గర ‘లాంగ్ మార్చ్’ అని చదువుకున్న తరానికి పేరులోని ఈ తూకం కనబడదు.

ఎదుటి పక్షమూ తక్కువ తినలేదు. కమ్యూనిస్టులతో పోరాడిన జాతీయవాద పార్టీ క్వోమిన్‌తాంగ్ ప్రకటనల్లో వెనుకంజను చ్వాన్3 చిన్4 అనేవారు. ‘మలుపు తిరిగి ముందుకు సాగడం’ అని అక్షరార్థం. 1943లో గ్వాడల్‌కెనాల్ దీవిని వదిలినప్పుడు జపాన్ సైనిక ప్రకటనలూ ఇవే రెండు అక్షరాలను తమ ఉచ్చారణలో వాడాయి. ఈనాటి చైనీస్ పాఠకుడు ఈ మాట చూస్తే చిరునవ్వు నవ్వుతాడు. అనువాదంలో ఆ ఎకసెక్కం నిలబెట్టాలంటే ‘ఉపసంహరణ’ అని తేల్చేయకుండా ‘వేరే దిక్కుకు పురోగమించారు’ అని రాయడమే మేలు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయ ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. ఆ తరువాతి చర్చల ఫలితంగా 2021 ఫిబ్రవరి 10న పాంగాంగ్ సరస్సు రెండు ఒడ్డుల బలగాల గురించి చైనా రక్షణ శాఖ చేసిన ప్రకటనలో ఉన్న మాట థ్వో1 లీ2 చ్యె1 ఛు4. అక్షరాలా ‘తాకిడి నుంచి విడివడటం’. అందులో కాలు లేదు, చెయ్యి లేదు; ఎవరు వెనక్కి వెళ్లారో చెప్పదు, ఎంత దూరమో చెప్పదు. తెలుగు పత్రికల్లో మనం చదివిన ‘బలగాల ఉపసంహరణ’ దీనికి సరితూగే మాట కాదు. అది ఛ4 చ్యున్1కు సరిపోతుంది. అధికారిక పత్రం అనువదించేవారు ఈ తేడాను చెరపకూడదని నా పట్టుదల.

నాలుగో అడుగు: కొలువు విడిచే మాటలు

థుయ్4 వు3 అన్నది సామాన్య సిపాయి సైన్యం విడవడం. వు3 అంటే ప్రాచీన సేనలో అయిదుగురి జట్టు. అయిదు అయిదుగురు కలిస్తే ఇరవై అయిదు, నాలుగు ఇరవై అయిదులు కలిస్తే నూరు, అలా పైకి కట్టుకుంటూ పోయేవారు. అక్షరం ఎడమ పక్క మనిషి గుర్తు, కుడి పక్క అయిదు అంకె. బ్యాంకు పత్రాల మీద అయిదును ఎవరూ దిద్దకుండా రాయడానికి ఇదే అక్షరం వాడతారు. సైన్యంలో చేరడం ర్రు4 వు3, కాలంతో నడవలేక వెనకబడటం ల్వో4 వు3. కాబట్టి థుయ్4 వు3లో విడిచేది ఉద్యోగాన్ని కాదు, పక్కనున్న నలుగురిని.

థుయ్4 యీ4 పరిధి పెద్దది. యీ4 అంటే విధిగా చేయవలసిన సేవ. సిపాయికీ అధికారికీ ఇద్దరికీ చెల్లుతుంది, పాతబడిన యుద్ధనౌకకూ చెల్లుతుంది, క్రీడాకారుడికీ చెల్లుతుంది. 2011 జులైలో బాస్కెట్‌బాల్ ఆటగాడు యావ్ మింగ్ ఆట మానుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు చైనా పత్రికలన్నీ వేసిన శీర్షిక ఇదే. అక్కడ ‘సైనిక విరమణ’ అని వెతికితే చిక్కులో పడతారు. బడిపంతులో గుమాస్తానో వయసు మీరి విరమిస్తే మాత్రం థుయ్4 శ్యు1 అనాలి. 1949 అక్టోబరు 1కి ముందే విప్లవంలో చేరిన పాత కార్యకర్తల విరమణకు ప్రత్యేకించి లీ2 శ్యు1 అనే గౌరవమైన మాట ఉంది.

సైన్యం విడిచిన అధికారిని ప్రభుత్వం పౌర ఉద్యోగంలో సర్దితే అది చ్వాన్3 యె4, ‘వృత్తి మారడం’. ఒక్కసారిగా సొమ్ము పుచ్చుకుని ఇంటికి వెళితే అది ఫు4 యువెన్2. ఒక మనిషి జీవితకథలో ఈ రెండింటిలో ఏది రాసి ఉందో చూస్తే, అతడు మరునాటి నుంచి ఆఫీసు బల్ల ముందు కూర్చున్నాడా, సొంత దారి వెతుక్కున్నాడా అన్నది తెలిసిపోతుంది. ఇలా సైన్యం విడిచిన వారందరినీ కలిపి థుయ్4 యీ4 చ్యున్1 రన్2 అంటారు, మన ‘మాజీ సైనికులు’. వీరి వ్యవహారాలకు చైనా 2018లో ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేసింది, వీరి రక్షణ చట్టం 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. తైవాన్‌లో మాజీ సైనికులను రుంగ్2 మిన్2, ‘గౌరవ ప్రజ’ అంటారు. చైనా వార్తల్లో మాత్రం ఆ మాట ఆశించవద్దు.

సైన్యమే తనను తాను తగ్గించుకోవడం త్స్హాయ్2 చ్యున్1. త్స్హాయ్2 అక్షరంలో బట్ట గుర్తు ఉంది: దర్జీ కత్తిరింపు. 1985లో ప్రకటించిన పది లక్షల కోత, 2015 సెప్టెంబరు 3న ప్రకటించిన మూడు లక్షల కోత ఈ మాట కిందికే వస్తాయి. ఉద్యోగుల తొలగింపు మాటలోనూ ఇదే కత్తెర.

వీడ్కోలు వీడియోలు చూడండి. సైన్యం జెండాకు చివరి వందనం చేసి, భుజకీర్తులు తీయించుకుని, ఛాతీ మీద పెద్ద ఎర్ర గుడ్డపువ్వు పెట్టుకున్న కుర్రాళ్లు వరుసగా నిలబడి ఉంటారు. వెనక బ్యానర్ మీద తరచుగా రెండు వాక్యాల్లో ఒకటి కనిపిస్తుంది. ఒకటి: ర్వో4 యోవ్3 చాన్4, చావ్4 పీ4 హుయ్2, ‘యుద్ధమే వస్తే, పిలిచిన వెంటనే తిరిగొస్తాం’. రెండోది: థుయ్4 వు3 పు2 థుయ్4 స4. ‘జట్టు విడిచినా రంగు వెలవదు’ అని భావం. ఇక్కడి రెండో థుయ్4 మన మూలాక్షరం కాదు, దానికి ఎడమ పక్కన బట్ట గుర్తు చేర్చిన వేరే అక్షరం. బట్ట రంగు పోవడం దాని అర్థం. చెవికి ఒకటే, కంటికి రెండు. తెలుగులో ఈ శ్లేషను దించడానికి నేను చాలా తంటాలు పడ్డాను, దిగలేదు.

అయిదో అడుగు: జాతీయాలను కథతో సహా నేర్చుకోవడం

నాలుగక్షరాల జాతీయాన్ని అర్థంతో మాత్రమే నేర్చుకుంటే వారానికి పోతుంది, కథతో నేర్చుకుంటే ఉంటుంది. నిక్కచ్చిగా నేర్చుకోవలసిన మొదటిది థుయ్4 పీ4 సాన్1 ష4. చిన్ రాజ్యపు రాకుమారుడు ఛుంగ్ అర్ పందొమ్మిదేళ్లు పరాయి పంచన తిరిగాడు. ఛూ రాజు ఆదరించి, రేపు నాకేమిస్తావని అడిగాడు. మన సేనలు ఎదురుపడితే మూడు ష4ల దూరం వెనక్కి తగ్గుతానన్నాడు. ష4 అంటే సేన ఒక రోజు నడిచే దూరం, ముప్పై లీలు. క్రీస్తుపూర్వం 632లో ఛంగ్‌ఫూ దగ్గర నిజంగానే ఎదురుపడ్డారు, అతడు తొంభై లీలు వెనక్కి తగ్గాడు. మాట నిలబడింది, వెంటపడిన ఛూ సేనాని ఓడిపోయాడు కూడా. పొట్టేళ్ల పందెం చూసినవారికి ఆ వెనుకంజ అంతరార్థం వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈనాటి వాడుకలో కృతజ్ఞతా లేదు, వ్యూహమూ లేదు. గొడవ మనిషిని చూసి పక్కకు తప్పుకోవడం ఒక్కటే మిగిలింది. అందుకు మన దగ్గర సిద్ధంగా ఉన్న మాట ‘ఆమడ దూరం’. పాతకాలపు దూరం కొలతే అక్కడా, ఇక్కడా.

అందరికీ తెలిసినది సాన్1 షి2 ల్యు4 చీ4, త్సోవ్3 వెయ్2 షాంగ్4: ‘ముప్పై ఆరు ఉపాయాల్లో కాలికి బుద్ధి చెప్పడమే మేలైనది’. ఈనాడు త్సోవ్3 అంటే నడవడం, ప్రాచీన భాషలో పరుగెత్తడం. పరుగెత్తే కాలపు జ్ఞాపకం త్సోవ్3 కోవ్3 అన్న తిట్టులోనూ ఉంది. ఒకప్పుడది కుందేలు వెంట పరుగెత్తే వేటకుక్క, ఇప్పుడు ఇతరుల తొత్తు. కుందేళ్లు అయిపోయాక వేటకుక్కను వండుకుంటారని హెచ్చరిస్తూ యుయె రాజ్యపు మంత్రి ఫాన్ లీ, విజయం దక్కిన వెంటనే కొలువు వదిలేసి వెళ్లిపోయాడు. ఉండిపోయిన తోటి మంత్రి వన్ చుంగ్ రాజాజ్ఞ మీద ప్రాణం తీసుకోవలసి వచ్చింది. పని ముగించి తప్పుకోవడాన్ని కుంగ్1 ఛంగ్2 షన్1 థుయ్4 అంటారు. ఇది పొగడ్త. పేరు పండుతున్న వేళలోనే ధైర్యంగా తప్పుకుంటే చీ2 ల్యు2 యుంగ్3 థుయ్4, ఉరకలేసే ఏటి నడుమ నుంచి తెగించి వెనక్కి రావడం. ఇది ఇంకా పెద్ద పొగడ్త.

తప్పుకునేలా చేయడానికీ ఒక సొగసైన మాట ఉంది. 961లో సుంగ్ వంశపు తొలి చక్రవర్తి తన సేనానులను విందుకు పిలిచి, మీలో ఒకరి భుజాల మీద మీ అనుచరులే చక్రవర్తి ధరించే పసుపు వస్త్రం కప్పితే నేనేమైపోవాలి అని దిగులు పడ్డాడట. మరునాడు అందరూ ఒంట్లో బాగాలేదని సేనాధిపత్యాలు వదులుకున్నారు. పెయ్1 చ్యు3 షి4 పింగ్1 ఛ్యువెన్2: మద్యపు గిన్నెతో సేనాధికారాన్ని విడిపించడం. కార్యాలయాల్లో మర్యాదగా జరిగే పదవి మార్పిడులకు ఈ మాట ఇప్పటికీ వాడతారు.

చీ1 లెయ్4, ‘కోడి పక్కటెముక’, రెండక్షరాలదే. 219లో హాన్‌చుంగ్ కోసం పోరాడుతూ తేలక ఉన్న సేనాధినేత ఛావ్ ఛావ్ ఒక రాత్రి సంకేతపదంగా ఈ మాట చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. అతని కొలువులోని యాంగ్ శ్యు మాత్రం సామాను కట్టుకోవడం మొదలుపెట్టాడు. పారేయబోతే ప్రాణం ఒప్పదు, తినబోతే కండ లేదు, ఈ నేలా అంతే అని దొర మనసులో ఉంది కాబట్టి వెనుదిరుగుతామన్నది అతని ఊహ. ఇప్పుడు ఉంచుకోలేని, వదులుకోలేని ఉద్యోగాన్నైనా, పాత ఫోన్‌నైనా ఇలాగే పిలుస్తారు. అదే పోరులో ఎదుటి పక్షపు సేనాని జావ్ యున్ తన శిబిరం తలుపులు బార్లా తీసి, జెండాలు దించి, భేరులు ఆపించి శత్రువును అనుమానంతో వెనక్కి పంపాడు; యెన్3 ఛీ2 శీ1 కు3 అలా ఉపాయంగా పుట్టి, ఇప్పుడు చప్పుడు చేయకుండా పని ఆపేయడంగా మిగిలింది.

వాయిద్యాల మాటలు రెండు. మింగ్2 చిన్1 షోవ్1 పింగ్1లో చిన్1ను ‘బంగారం’ అని చదివి నవ్వులపాలు కావద్దు. అది లోహం, అంటే కంచు గంట. భేరి మోగితే ముందుకు, గంట మోగితే వెనక్కి. తా3 థుయ్4 థాంగ్2 కు3 యుద్ధానిది కానే కాదు, కచేరీది. న్యాయాధికారి ఆనాటి విచారణ ముగించి లేచేటప్పుడు కొట్టే భేరి అది. ఒప్పుకున్న పని నుంచి మధ్యలో జారుకునేవారిని అనడానికి పనికొస్తుంది. మన ‘చేతులెత్తేయడం’ దీనికి సరిపోతుంది.

కొలువు ముగించి పొలానికి తిరిగివచ్చిన సైనికుడికి చ్యె3 చ్యా3 కుయ్1 థ్యెన్2 అనండి, ‘కవచం విప్పి పొలానికి తిరిగిరావడం’. గౌరవంగా ఉంటుంది. దానికి జంట అనుకుని మా3 ఫాంగ్4 నాన్2 షాన్1, ‘గుర్రాలను దక్షిణ కొండకు తోలేయడం’ వాడితే మాత్రం జాగ్రత్త. చౌ రాజు వూ విజయం తరువాత యుద్ధం ముగిసిందని చాటడానికి గుర్రాలను వదిలేసిన కథే దీని మూలం అయినా, ఈనాటి వ్యాసాల్లో ఇది ‘ఏమరుపాటు’ అనే మందలింపుగానే ఎక్కువగా వస్తుంది.

వెనుకంజలోనూ వెనుక నిలబడే ధీరుడు ఒకడుంటాడు. సేనకు కాపుగా చివర వచ్చేవాడు. అది త్యెన్4 హోవ్4. ఓడి వస్తున్న లూ రాజ్యపు సేనకు చివర నిలిచిన మంగ్ చి ఫాన్ నగర ద్వారం దగ్గరకు వచ్చి గుర్రాన్ని కొడుతూ, ‘నాకు వెనక ఉండే ధైర్యం లేదు, ఈ గుర్రమే కదలలేదు’ అన్నాడని కన్ఫ్యూషియస్ మెచ్చుకున్నాడు.

ఆరో అడుగు: తెలుగు సామెతల ఉచ్చుల్లో పడకుండా ఉండటం

నేర్చుకునే రోజుల్లో ఫో4 ఫు3 ఛన్2 చోవ్1 అన్న జాతీయానికి అర్థం చెప్పమన్నారు. కుండలు పగలగొట్టడం, పడవలు ముంచడం అని అక్షరాలు చెబుతున్నాయి. నది దాటాక పడవను ముంచేశారంటే ఇంకేముంది, ‘ఏరు దాటి తెప్ప తగలేయడం’ అని ధీమాగా రాశాను. పూర్తిగా తప్పు. క్రీస్తుపూర్వం 207లో జూలూ యుద్ధానికి ముందు సేనాని శ్యాంగ్ యూ తన సేనకు మూడు రోజుల తిండి మాత్రం ఉంచి, పడవలు ముంచేసి, గెలవక తప్పని స్థితి కల్పించాడు. ఇది తెగింపు. మన సామెత కృతఘ్నత. బొమ్మ ఒకటే, నీతి పూర్తిగా వేరు. పెయ్4 ష్వెయ్3 యీ2 చాన్4, ‘నీటికి వీపు పెట్టి పోరాడటం’ కూడా తెగింపు పక్కకే చేరుతుంది. అందులోని పెయ్4 మనం రెండో అడుగులో చూసిన వీపే.

కుదిరేవీ ఉన్నాయి. చిన్4 థుయ్4 ల్యాంగ్3 నాన్2 అంటే ముందుకూ వెనక్కీ రెంటికీ కష్టం, మన ‘ముందు నుయ్యి వెనుక గొయ్యి’. దాని గ్రాంథిక రూపంలో ల్యాంగ్3 నాన్2 బదులు వెయ్2 కు3 వస్తుంది. కు3కు మామూలు అర్థం లోయ అయినా ఇక్కడ దిక్కుతోచని స్థితి అని పాత వ్యాఖ్యాతల మాట. వు3 షి2 పు4 శ్యావ్4 పాయ్3 పు4, ‘యాభై అడుగులు పారిపోయినవాడు నూరడుగులు పారిపోయినవాడిని చూసి నవ్వడం’, ప్రాచీన తత్త్వవేత్త మెన్షియస్ ల్యాంగ్ రాజుకు చెప్పిన ఉపమానం. ‘గురివింద తన నలుపెరగదు’ దగ్గరగా ఉంటుంది గానీ, గురివిందకు తన తప్పు కనబడదు. యాభై అడుగులవాడికి కనబడుతుంది, తక్కువేనన్న ధీమా అతనిది. ఆ కథలోనే సిపాయిలు కవచాలు పారేసి, ‘పింగ్1ను ఈడ్చుకుంటూ’ పారిపోతారు. అక్కడ పింగ్1 మనిషి కాదు, ఆయుధం. అదే ఆ అక్షరానికి మొదటి అర్థం.

ఏడో అడుగు: అభ్యాసం

నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు వరుసలు చేసి ‘ఆజ్ఞ మీద’, ‘చెదిరి’, ‘కొలువు ముగిసి’ అని పేర్లు పెట్టండి. రోజుకు ఒక చైనీస్ వార్త చదివి, అందులో థుయ్4, ఛ4, థావ్2, పెయ్3 ఎక్కడ కనిపించినా ఆ వాక్యం మొత్తాన్ని తగిన వరుసలో రాసుకోండి. విడిగా పదం రాసుకోవద్దు. థుయ్4 వు3 వంటి మాటలు మధ్యలో చీలతాయి కాబట్టి, ‘అతడు పోయినేడు సైన్యం విడిచాడు’ అన్నదాన్ని థా1 ఛ్యు4 న్యెన్2 థుయ్4 త వు3 అని, రెండక్షరాల నడుమ ‘త’ను ఇరికించి పదిసార్లు బిగ్గరగా అనండి.

ఏ వరుసకూ చెందని వాక్యం దొరికితే నాలుగో వరుస గీయండి. మావో గెరిల్లా పోరుకు చెప్పిన పదహారక్షరాలను అక్కడ మొదట రాసుకోవచ్చు: తీ2 చిన్4 వో3 థుయ్4, తీ2 చు4 వో3 రావ్3, తీ2 ఫీ2 వో3 తా3, తీ2 థుయ్4 వో3 చ్వెయ్1. ‘శత్రువు ముందుకొస్తే మనం వెనక్కి, మకాం వేస్తే మనం అలజడి చేస్తాం, అలిసిపోతే కొడతాం, వెనక్కి పోతే తరుముతాం’. ఇందులో థుయ్4 రెండుసార్లు ఉంది. మొదటిది ఏ వరుసలోది, రెండోది ఏ వరుసలోది అన్నది పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, నెల తరువాత మళ్లీ ఆ పేజీ తెరవండి.